పందెం పడవ అతుకులు

ఎల్.బి. నగర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద ఈ మధ్య ఒకతను దుకాణం తెరిచి, పగిలిన నీళ్ళ ట్యాంకులకూ విరిగిన బంపర్లకూ ఫైబర్ అతుకులు వేస్తున్నాడు. పొద్దున్నే ఆ రెసిన్ జిగురు వాసన, ముక్కులో దూరి తిన్నగా నుదుటికెక్కే ఆ తియ్యటి ఘాటు, మూడో అంతస్తు దాకా వస్తుంది. మా ఆయన విసుక్కుంటూ కిటికీలు మూస్తాడు. నేను మాత్రం బాల్కనీలో నిలబడి, అతను ఏ డబ్బాలోంచి ఎంత పోస్తున్నాడో చూస్తుంటాను. అతనితో నాకేం పని లేదు. అనుమానం మా ఇంటి ఆస్తి, అందులో నాకూ వాటా వచ్చింది.

మాది పోచంపల్లి పక్క ఊరి నేత కుటుంబం. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాక మా మగ్గం ఊళ్ళోనే ఉండిపోయింది కానీ, నాయనమ్మ కళ్ళు మాత్రం మాతోపాటే వచ్చాయి. పాలవాడు పోసిన పాలను వేలితో ముట్టి చూసేది, పక్కింటివాళ్ళు పంపిన పండుగ సత్తుపిండిని మాకు పెట్టేముందు వాసన చూసేది, మేం అరుగుమీద అష్టాచెమ్మా ఆడుతుంటే గవ్వల్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మరీ ఇచ్చేది. అమ్మ చెప్పులు కుట్టే అబ్బాయిని అనుమానించేది, నాన్న దుకాణంలో పనిచేసే కుర్రాళ్ళని అనుమానించేవాడు, నేను మా తమ్ముణ్ణి. ఇంత అనుమానం మధ్య కూడా మేం హాయిగానే ఉండేవాళ్ళం, అదేమిటో.

అలాంటి ఇంట్లోకి ప్రసాద్ అంకుల్ వచ్చాడు. కాకినాడ మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాడు. భార్యకు చీర కొనడానికి దుకాణానికొచ్చి, రంగులో ముంచేముందు నూలును అక్కడక్కడా ముడేసి చిటికి కట్టడం ఎలాగో నాన్న చెబుతుంటే చీర సంగతి మరిచిపోయి, ఆ ముడి మళ్ళీ వేసి చూపించమని కూర్చున్నాడు. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున పెరిగినవాడు, ఇద్దరు మనుషులు కూర్చుని తెరచాపతో పందెం వేసే చిన్న పడవలంటే ప్రాణం. ఆ పడవలకు చెక్కలను రాగి తీగతో కుట్టి, కుట్టు మీద రెసిన్‌తో ఫైబర్ పట్టీ అతికిస్తారట. హుస్సేన్‌సాగర్‌లో పందాలు ఆడేవాళ్ళు పడవల్ని ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంటున్నారనీ, తీరిక వేళల్లో మనమే ఇక్కడ కడితే బాగుంటుందనీ ఆయన అంటే, బతుకంతా దుకాణం గద్దె మీద కూర్చున్న మా నాన్నకు పెళ్ళికొడుకు కళ వచ్చింది. కర్మన్‌ఘాట్‌లో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నారు.

చుట్టుపక్కలవాళ్ళు ఊరుకుంటారా? ఆ వాసనకు గుడుంబా కాస్తున్నారని ఒకరు, తలుపు సందులోంచి పొడుగాటి చెక్కలు చూసి శవపెట్టెలు చేస్తున్నారని ఒకరు అనుకున్నారు. షెడ్డు యజమాని ఏదో మరిచిపోయినట్టు నటిస్తూ రోజూ ఒకసారి వచ్చి పోయేవాడు. నాయనమ్మకు మాత్రం చెక్కల మీద కాదు, మనిషి మీదే అనుమానం.

“ఏంది బిడ్డా, మాట మాటకు అండీ అంటడు? గంత మర్యాద ఉన్నోడు లోపట ఏదో దాస్తుండు,” అనేది.

నాన్న నవ్వేవాడు. అప్పట్లో ఇంకా నవ్వేవాడు.

ఆదివారాలు నాయనమ్మతో సహా మేమంతా షెడ్డులోనే. వానాకాలమైతే రేకుల మీద వాన చప్పుడు, అమ్మ స్టీలు డబ్బాలో పంపిన వేడివేడి మక్కగారెలు, చెక్కపొట్టు మీద పడి దొర్లే మేం. ఎండాకాలమైతే రేకుల కింద ఉడికిపోతూ మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుని నాకడం, ఆ కారానికీ రెసిన్ ఘాటుకూ కలిసి కళ్ళవెంట నీళ్ళు. నాన్న రాగి తీగను రంధ్రాల్లో దూర్చి మెలిపెడుతుంటే, చెక్క చెక్కకు దగ్గరై, బల్లపరుపుగా పడుకున్నది కాస్తా పడవలా పొట్ట తేలేది. “యాదగిరి గారూ, ఇంత సమంగా కట్టేవాణ్ణి మా కాకినాడలో కూడా చూళ్ళేదండీ,” అనేవాడు ప్రసాద్ అంకుల్. ఆ మాటకు నాన్న తల వంచుకుని ఇంకో ముడి వేసేవాడు. దుకాణంలో ఎంత గిరాకీ ఉన్నా ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

పేచీ మందు దగ్గర వచ్చింది. రెసిన్ గట్టిపడటానికి అందులో కలిపే హార్డెనర్‌ను మా ఇంట్లో అందరం మందు అనేవాళ్ళం. దాన్ని ప్రసాద్ అంకుల్ ఒక్కడే కలిపేవాడు. ఎండ ముదిరితే తగ్గించేవాడు, ముసురు పడితే పెంచేవాడు. రంగుల దగ్గర పెరిగిన నాన్నకు అది మింగుడు పడలేదు. రంగుకు కొలత అంటే కొలతే, ఎండైనా వానైనా చిటికెడు మారితే చీర పాడు.

“ఇయ్యాల తక్కువ పోసినవేంది?”

“ఎండ కదండీ. ఎక్కువ పోస్తే డబ్బాలోనే రాయైపోద్ది.”

నాన్న సరేనన్నాడు కానీ, ఆ రోజు నుంచి ముడి వేస్తూ ముడిని చూడటం మానేశాడు. అంకుల్ చేతుల్ని చూసేవాడు. అంకుల్‌కు అది తెలిసి, కలిపేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. తిరిగాడు కాబట్టి నాన్న ఇంకా చూసేవాడు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, మంచి మందును తన సొంత పడవ కోసం దాస్తున్నాడేమోనని అమ్మతో అనేవాడు.

పడవ పూర్తయింది. దాన్ని కొంటానన్న ఒకాయన హుస్సేన్‌సాగర్‌లో పందెం నాటికి కావాలన్నాడు. ముందు ఒకసారి నీళ్ళలో వేసి చూద్దామని ట్రాలీ ఆటోలో సరూర్‌నగర్ చెరువుకు తీసుకుపోయాం. గుర్రపుడెక్క లేని మూల చూసి దింపారు. ఇద్దరూ ఎక్కారు, తెరచాప గాలి పట్టింది, మేం ఒడ్డున గంతులేస్తున్నాం. కాసేపటికి పడవ ఒక పక్కకు ఒరిగింది. అడుగు అతుకు విచ్చుకుని నీళ్ళు లోపలికి వచ్చేస్తున్నాయి. మోకాటిలోతు బురదలో ఇద్దరూ పడవను ఒడ్డుకు ఈడ్చారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

షెడ్డుకు చేరాక నాన్న బద్దలయ్యాడు. “నాకెరుకే. మంచి మందు దాసుకున్నవ్, గీ పడవకు నీళ్ళసొంటిది పోసినవ్.”

“ఆ మాట మీరే అంటున్నారా? దుకాణం ధ్యాసలో పడి మీ కట్లు వదులయ్యాయేమో చూసుకోండి.”

“నా కట్టు వదులా? దొంగవురా నువ్వు!”

ప్రసాద్ అంకుల్ పడవ దగ్గరికి వెళ్ళాడు. వంగి, విచ్చుకున్న పట్టీ అంచు పట్టుకుని లాగాడు. ఎండిన గోరింటాకు పెచ్చులాగా అది మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. తిప్పి చూస్తే అడుగున నారింజ రంగు జిడ్డు. వాసన చూసి, నాన్న చేతికిచ్చాడు. ఆంజనేయస్వామి సిందూరం, నూనెలో కలిపినది.

మూలన పీట మీద కూర్చున్న నాయనమ్మ కొంగు సర్దుకుంది. మా ఇళ్ళల్లో మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, కొత్త పోగు పాతదానితో అతికే చోట బొట్టు పెడతారు. దిష్టి అతుకులోంచే దూరుతుందని నమ్మకం. ప్రతి మంగళవారం కర్మన్‌ఘాట్ గుడి నుంచి సిందూరం తెచ్చి, ఆదివారం పట్టీ అతికించకముందే నాన్న కుట్టిన అతుకుల పొడవునా రాసి, ఎవరూ చూడకుండా కొంగుతో తుడిచేసిందట. పైపై రంగు పోయింది, సందుల్లోది మిగిలింది, నూనె చెక్కలోకి ఇంకింది.

“నేనే పెట్టిన,” అంది. “ఈయన మీద నాకు నమ్మకం లేకుండె. నా కొడుక్కు ఏం కావొద్దని పెట్టిన. తప్పా?”

“తప్పేం లేదమ్మా,” అన్నాడు ప్రసాద్ అంకుల్ మెల్లగా. “నూనె మీద జిగురు పట్టదు. అంతే.”

నాన్న ఆ పట్టీని మళ్ళీ అతుకు మీద ఆనించి చూశాడు. “మల్ల పట్టీ ఏద్దాం. ఆదివారం ఒస్తవా?” అన్నాడు. “అలాగేనండీ,” అన్నాడాయన. ఆదివారం నాన్న షెడ్డు తెరిచి కూర్చున్నాడు. ఆయన రాలేదు. మరుసటి ఆదివారం నాన్న కూడా వెళ్ళలేదు. వాళ్ళిద్దరి పడవ లేకుండానే సాగర్‌లో పందెం జరిగిపోయింది.

ఇప్పుడు ఆ షెడ్డు ఉన్నచోట ఆడపిల్లల హాస్టల్ లేచింది. చెరువు చుట్టూ కంచె వేశారు. రేకుల మీద వాన చప్పుడు మా వీధిలో ఎక్కడా వినబడదు, నాయనమ్మ లేదు, మక్కగారెలు మిక్సీలో రుబ్బితే ఆ రుచి రాదు. ఆ రోజుల్లో కోపమొచ్చినా, నాకిప్పుడు నాయనమ్మ మీద కోపం లేదు. ఆవిడ అనుమానం ఆ నూనె సంగతి బయటపడ్డ రోజే పోయింది. నాన్నదే నాకు అర్థం కాలేదు. ప్రసాద్ అంకుల్ మూసారాంబాగ్‌లోనే ఉంటాడు. మెట్రోలో ఎదురైతే ఆయనా నాన్నా ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగి, ఎవరి స్టేషన్లో వాళ్ళు దిగిపోతారు. మొన్న ఉండబట్టలేక అడిగేశాను.

“ఆయన తప్పు లేదని ఆ దినమే తెలిసింది గద నాన్నా. పోయి పిలువకపోయినవా?”

నాన్న కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

“పిలిస్తె ఒచ్చేటోడే బిడ్డా. కని వాడు మందు కలుపుతుంటె నేను చూడకుంట ఉండలేను. నేను చూస్తున్ననా అని వాడు చూడకుంట ఉండలేడు. ఇగ పడవను చూసెటోడు ఎవడు?”