వాగు అవతలి డోలు

మొన్న పాల్వంచ దాటి భద్రాచలం వెళ్తుంటే, కారులో రేడియో పాట మధ్యలో తెగిపోయి బుస్సుమని హోరు మొదలైంది. "సిగ్నల్ లేదు మేడం, బంద్ జేస్తున్న" అన్నాడు డ్రైవరు. "ఉండనియ్యి బాబూ" అన్నాను. అద్దంలోంచి నావంక వింతగా చూశాడు. చూడనీ. ఆ హోరు వింటే నాకు భాస్కరం సారు గుర్తొస్తారు. ఒక మంచి మనిషిని తలుచుకోవడానికి ఇంతకంటే పనికిమాలిన చప్పుడు ఉండదు. కానీ ఏం చేయను, ఆయన ఏళ్ల తరబడి చెవులు రిక్కించి విన్నది దాన్నే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నాకు లెక్కల టీచరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. కల్లూరు నుంచి ట్రంకుపెట్టెతో దిగి, ఆ వానలో, ఆ దోమల్లో, మొదటిరోజే భోరున ఏడ్చాను. పక్క క్వార్టరులో సైన్సు చెప్పే భాస్కరం సారు ఉండేవారు. వేంసూరు వైపు రైతు కుటుంబం, యాభై దాటిన వయసు, భార్య పోయి ఒంటరి. ఆయన ఇంటి వెనక జల్లెడలాంటి పెద్ద పాత డిష్షు ఒకటి ఆకాశంలోకి నోరు తెరుచుకుని ఉండేది. పాల్వంచలో కేబుల్ వాళ్లు పారేస్తే ఎడ్లబండి మీద తెచ్చుకున్నారట. దాన్ని రేడియోకి తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వేరే లోకాల వాళ్లెవరైనా పిలుస్తారేమోనని వినేవారు. నా నోరు ఊరుకునేది కాదు. "ఏం సారూ, చుట్టాలు దొరికారా?" అనేదాన్ని.

"ఇంకా లేదు మేడం. ఎటు తిప్పాలో తెలవదు, ఏ మీటరు మీద వినాలో తెలవదు. మనం పుట్టకముందే పిలిచి పిలిచి, విసుగొచ్చి ఊరుకున్నారేమో అదీ తెలవదు."

"మరెందుకండీ ఈ తిప్పలు?"

ఆయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఇంట్లో ఒక్కణ్ణే అంటే ఓర్చుకున్నా. ఇంత ఆకాశంలో కూడా ఒక్కళ్లమే అంటే ఎట్ల మేడం? నాకు భయం." ఆ తర్వాత వెక్కిరించడం మానలేదు గానీ బాగా తగ్గించాను.

ఆయనకు ఆ బడిలో ప్రాణం నాగమణి. వాగు అవతలి కోయగూడెం పిల్ల, తొమ్మిదో తరగతి. దీన్ని ఇంజనీరు చెయ్యకపోతే నా పేరు భాస్కరమే కాదు అనేవారు. ఒకరోజు ఆ పిల్ల లేచి అడిగింది. "సారూ, గంత హోరుల వాళ్లు పిలిచేదేదో, ఉత్త చప్పుడేదో ఎట్ల ఎర్కైతది?" పక్కగదిలో లెక్క చెబుతున్న నేను కూడా ఆగిపోయాను. గోడ అవతల సారు గొంతు వినిపించింది. "అదే బిడ్డా కష్టం. పిలుపు రాకపోవుడు కాదు. వచ్చినా అది పిలుపని మనకు తెలవకపోవుడు."

తొలకరికి కోయవాళ్లు విత్తనాల పండుగ చేస్తారు. పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయారు, వంటచేసే ముత్తమ్మ కూడా వాగు దాటి తన గూడెం వెళ్లింది. నాగమణికి అప్పటికే జ్వరం. తండ్రి సోమయ్య వస్తే సారు బతిమాలారు. "ఇక్కడే ఉంచు సోమయ్యా, పాల్వంచ దవాఖానాకు తీసుకపోతా."

"పండుగ సారూ, ఇంటికాడ లేకపోతే తల్లి ఊకోదు. జరం ముదిరితే డోలు కొడతం. వాగొచ్చిందంటే దోనె మీ ఒడ్డుకే ఉంటది గదా, ఏసుకొని రాండ్రి." సారుకు గెడ వేసి దోనె నడపడం వచ్చు. సరేనన్నారు. తండ్రీకూతుళ్లు మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లారు.

వాన పట్టుకుంది, వాగు నిండింది. అవతల అన్ని గూడేల్లోనూ పొద్దస్తమానం డోళ్లే. ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని మామిడిపండ్లు తింటున్నాం. "ఇయ్యాల సోమయ్య వాళ్ల గూడెం మంచి హుషారు మీదుంది మేడం, దరువు మార్చిండ్రు చూడండి" అన్నారు సారు. మోకాలి మీద తాళం వేశారు. అయ్యో, తాళం వేశారు! నేను నవ్వుతూ తల ఊపాను. సాయంత్రానికి ఆ డోలు ఆగిపోయింది. ఆయన లేచి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు.

వాగు తీశాక ముత్తమ్మ వచ్చి గడప అవతలే నిలబడింది. "ఏంది సారూ, గంతసేపు పిలిచినా రాకపోతిరి? పిల్ల పాయె" అంది.

"పండుగ దరువనుకున్న ముత్తమ్మా."

"పండుగకు గట్ల కొడతరా? గది ఆపదల పిలిచేటి దెబ్బ. చంటిపిల్లలకు సుత ఎర్కే."

సారు వంటింట్లోకి వెళ్లి గుండిగ బోర్లించి, రెండు దరువులూ కొట్టి చూపించమన్నారు. ముత్తమ్మ కొట్టింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. మళ్లీ కొట్టమన్నారు, మళ్లీ మళ్లీ. చివరికి ఆమె గరిటె విసిరేసి ఏడ్చింది. "ఇప్పుడు నేర్సి ఏం జేస్తవు సారూ!"

"చుక్కల సంగతి వదిలెయ్యండి మేడం" అన్నారు నాతో. "మధ్యలో ఒక్క వాగు. తెలిసిన మనిషి. ఎట్ల పిలుస్తాడో ముందే చెప్పి పిలిచిండు. విన్నా. విని తాళం వేసినా." సోమయ్య ఆయన్ని ఒక్క మాట అనలేదు. అంగట్లో ఎదురైతే తల తిప్పుకుని వెళ్లిపోయేవాడు. తిట్టినా బాగుండేది.

ఆయన డిష్షు విప్పలేదు, మళ్లీ వినలేదు. దాని మీదికి చిక్కుడు తీగ పాకింది. రిటైరై వేంసూరు వెళ్లిపోయే రోజు అడిగాను, ఇక ఆ భయం పోయిందా సారూ అని. "అప్పుడు ఎవరూ పిలవట్లేదేమోనని భయం మేడం. ఇప్పుడు పిలుస్తున్నరేమోనని భయం" అన్నారు. ఏడాది తిరగకుండానే పోయారు.

భద్రాచలం దగ్గరపడుతుంటే రేడియోలో పాట తిరిగొచ్చింది. డ్రైవరు సంబరపడ్డాడు. అంతలో చెట్ల వెనక ఎక్కడో డోలు మోగింది. కారు ఆపించి, కట్టెలమోపుతో వస్తున్న ఒకామెను ఏం దరువమ్మా అని అడిగాను. "పెండ్లమ్మా" అని నవ్వి వెళ్లిపోయింది. ఇన్నేళ్లుగా ఎక్కడ డోలు వినపడినా ఇలా అడుగుతూనే ఉన్నాను. నా అంతట నాకు ఇప్పటికీ తేడా తెలియదు.