మా ఆవిడ తప్పుకోలేదు

మా ఆవిడ అసెంబ్లీకి పోటీ చేసినప్పుడు ఎదురైన ప్రతివాడూ నన్నే అడిగేవాడు, "ఆవిడ్ని ఎందుకు నిలబెట్టావు?" అని. నేను నిలబెట్టలేదు. కాలవ చివరి పొలాలకు నీళ్లు అందడం లేదని ఏళ్ల తరబడి ఇంజనీర్ల చుట్టూ తిరిగింది తనే. తిరిగి తిరిగి విసిగిపోయి ఉండగా ఒక చిన్న పార్టీ వాళ్లు వచ్చి అడిగితే సరేనంది. నాకు అన్నం వడ్డిస్తూ ఆ సంగతి చెప్పింది. నేను నోరు తెరవబోతే, "మిమ్మల్ని అడగడం లేదండీ, చెబుతున్నాను" అంది.

మాది కర్ణాటకలో సింధనూరు పక్కన ఒక క్యాంపు. మా తాతల తరంలో గోదావరి జిల్లాల నుంచి వచ్చి, తుంగభద్ర కాలవ కింద వరి వేసుకున్నవాళ్లు కట్టుకున్న ఊరు. మా ఆవిడ ఇక్కడే పుట్టింది, కన్నడ బడిలోనే చదివింది. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు ఆమె చెయ్యి పట్టుకుని తమ బోరింగుల గురించి, ఆగని బస్సుల గురించి చెప్పుకునేవారు. మగవాళ్లు మాత్రం ఆమె మాట్లాడుతుంటే నా వైపు చూసేవారు.

ఆ పార్టీకి సొంత గుర్తు లేదు. అధికారులు గ్యాస్ స్టవ్వు ఇచ్చారు. ఇక టీ కొట్ల దగ్గర నవ్వులే నవ్వులు. "చివరికి వంటింటికే పంపారన్నమాట" అన్నాడొకడు నాతో. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం ఆ కొట్టు ముందే నిలబడి నీళ్ల సంగతి మొదలుపెట్టింది. నవ్వినవాళ్లే చివరిదాకా విన్నారు. విన్నాక అందులో ఒక పెద్దాయన అన్నాడు, "నువ్వు చెప్పిందంతా నిజమే తల్లీ. కానీ గెలవనివాళ్లకేస్తే ఓటు దండగ కదా."

ఆ మాట ఎన్ని ఊళ్లలో విన్నానో. ఆ మాట అన్నవాళ్లందరూ ఓటేస్తే ఆవిడ గెలిచేదని ఎంతమందికి చెప్పానో. ఎవరికీ ఎక్కలేదు.

పోలింగుకు ముందురోజు తెల్లవారేసరికి, ప్రచారం ముగిసి మైకులు మూగబోయాక, ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. ఆమె పాత ఫొటో, వెనక ఎత్తుపల్లాలు లేని గొంతుతో ఒక మగమనిషి కన్నడంలో చదువుతున్న వార్త. ఆవిడ పోటీ నుంచి తప్పుకుని రెండు పెద్ద పార్టీల్లో ఒకదానికి మద్దతిచ్చిందట. ఎవరు తయారుచేశారో ఇప్పటికీ తెలియదు.

మా పార్టీ పనులు చూసే ఆయన రాయచూరు మనిషి, కరెంటు లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరైనవాడు. ఆ పొద్దున్నే బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. "మైకు బంద్ అయినంక మనం చెప్పుకోనీకె రాదని వాళ్లకు ఎరుకే సార్. గందుకే గిప్పుడు ఇడ్సిండ్రు" అన్నాడు.

ముగ్గురం పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. చూస్తామన్నారు. అక్కడి నుంచి ఇల్లిల్లూ తిరిగాం. తలుపు కొట్టడం, "తప్పుకోలేదు, పోటీలోనే ఉంది" అని చెప్పడం. ఒక ఇంట్లో ముసలమ్మ, "మరి ఫోన్లో వచ్చింది కదా" అంది. మా ఆవిడ ఆమె ఎదురుగానే నిలబడి ఉంది. ఎదురుగా ఉన్న మనిషి కన్నా ఫోన్లో వచ్చిన మాటే ఆమెకు గట్టిగా తోచింది.

తిరిగి క్యాంపుకి వచ్చాక తెలిసింది, మా క్యాంపు గ్రూపులో ఆ వీడియో పెట్టింది మా బాబాయేనని. వెళ్లి నిలదీశాను.

"అబద్ధమని నీకు తెలియదా బాబాయ్? గోడవతల ఉంటావు. కేకేసి అడగలేకపోయావా?"

ఆయన కుర్చీలోంచి లేవలేదు. "అనుమానం లేకపోలేదురా అబ్బాయ్. రేపు ఎవడు గెలిచినా మన క్యాంపు మీద పగబట్టకూడదు కదా. మనం బయటినుంచి వచ్చినవాళ్లం. అందరికీ మంచిదే అనుకున్నాను."

ఇక్కడ పుట్టి, ఇక్కడే ముసలివాడైన మనిషి అన్న మాట అది.

ఫలితాల్లో ఆమె మూడో స్థానంలో నిలిచింది, రెండో అభ్యర్థికి ఎంతో దూరంలో. మా క్యాంపు బూత్‌లోనూ వెనకబడింది. లెక్కింపు హాలు నుంచి బయటికి వస్తుంటే ఎవరో పలకరించారు, "మీకే వేద్దామనుకున్నామండీ, తప్పుకున్నారన్నారు" అని. ఆమె నమస్కారం పెట్టి ఆటో ఎక్కింది. ఇంటికొచ్చి బావి గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పక్కన కూర్చున్నాను.

నాట్ల కాలం వచ్చింది. మళ్లీ చివరి పొలాలకు నీళ్లు రాలేదు, మా బాబాయి చేనుకు కూడా. ఒక మధ్యాహ్నం మా బాబాయి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. "అమ్మాయ్, ఒకసారి ఇంజనీరు గారి దగ్గరికి రావాలమ్మా. నువ్వయితే గట్టిగా అడుగుతావు."

"గెలిచినాయన్నే అడుగు బాబాయ్" అన్నాను నేను.

"ఆయన ఫోనెత్తడం లేదురా."

ఆమె చెప్పులు వేసుకుంటోంది. నేను రానన్నాను. "మిమ్మల్ని రమ్మనలేదు. దండెం మీద బట్టలున్నాయి, చినుకు పడితే తీయండి" అని ఆయన వెంట బస్టాపు వైపు నడిచింది.

ఆ వారం నీళ్లు వదిలారు. మొదట మా బాబాయి చేలోకే ఎక్కాయి. ఆయన గట్టు మీద నిలబడి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను చూడనట్టు పక్క దారి పట్టాను. మా ఆవిడ ఇప్పటికీ ఆయన్ని మావయ్యగారూ అనే పిలుస్తుంది, కూర మిగిలితే పంపుతుంది. నా వల్ల కావడం లేదు.