కాకకు జమానతు

కోర్టు చేత కాకను జమానతు, అంటే పూచీ, అడిగించింది నేనేనని చాలాకాలం ఆయనకు చెప్పలేదు.

నాన్న వీలునామాలో ఆస్తి పంచే బాధ్యత నన్ను కాదని, బొగ్గుబాయిలో తనతో పనిచేసిన కాకకు అప్పగించాడు. అలాంటి మనిషిని కోర్టు మామూలుగా జమానతు అడగదు, వారసులు అనుమానం చెబితే అడగొచ్చు. కాకకు అప్పులున్నాయని, వాటా రావాల్సిన, చనిపోయిన మా అన్న కూతురు ఇంకా మైనరని లాయరుతో రాయించాను. కోర్టు అడిగింది.

పూచీ సంతకానికి ఒక్కరు చాలు. మొదటి షిఫ్టు దిగి, స్నానమైనా చేయకుండా కాక దోస్తులందరూ వచ్చారు.

"గింతమంది ఏందిరా? కోర్టు కప్పు కూలుతదని బాయిల లెక్క సపోర్టులు పెట్టేతందుకు అచ్చిండ్రా?" అని నవ్వి, కాక నాకూ చాయ్ తాగించాడు.

మొన్న ఆ పిల్ల మేజరయ్యాక వాటా ఆమెకు అప్పజెప్పి, నాతో "మీ నాయిన మాట నిలవెట్టిన బిడ్డా" అన్నాడు.

"కాకా, ఆనాడు నిన్ను అనుమానించింది జడ్జి కాదు, నేను. తప్పైంది, మాఫ్ చెయ్యి" అన్నాను.