సారవ్వ రాయని ఉత్తరం

సారవ్వ మొగుణ్ని నేను ముప్పై ఏళ్లు తప్పుడు పేరుతో పిలిచాను. గనిలో మస్టర్ రాసేవాణ్ని కాబట్టి షిఫ్టు మొదట్లో అందరి హాజరూ నేనే తీసుకునేవాణ్ని. "ఆగయ్యా" అని కేకేస్తే సదయ్య "ఉన్న" అనేవాడు. అసలు ఆగయ్య అతని చిన్నమ్మ కొడుకు. నౌకరీ కాగితం వచ్చింది ఆగయ్యకే. మొదటిరోజు దిగి, పైకి వచ్చి, చెప్పులు కూడా తొడుక్కోకుండా ఊరికి పారిపోయాడు. వచ్చిన కాగితం వృథా అవుతుందని మర్నాడు సదయ్య దిగాడు. ఆ రోజుల్లో మారుపేర్ల మీద పనిచేసినవాళ్లు మా దగ్గర ఒకరిద్దరు కాదు. దిగేవాడికి దమ్ముందా లేదా అని చూశారు గాని, పేరెవరు చూశారు?

సారవ్వ మంథని అవతలి పల్లె నుంచి పెళ్లై గోదావరిఖని వచ్చింది. చదువు రాదు. మొగుడిది ఏ వారం ఏ షిఫ్టో క్వార్టర్ గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకునేది, ఆ గీతలు ఒక్కసారి కూడా తప్పలేదు. నీళ్ల నల్లా దగ్గర ఆమె మాటే చట్టం. నాలుగు క్వార్టర్ల అవతల ఉండే నాతో కూడా ఎన్నోసార్లు పోట్లాడింది, నేనూ తగ్గలేదు. అయినా ఏ కాగితం వచ్చినా చేతిలో పట్టుకుని "నర్సింగన్నా, జర చూడు" అంటూ నా దగ్గరికే వచ్చేది.

నిరుడు సదయ్య గుండెనొప్పితో పోయాడు. సర్వీసులో ఉండగా పోయాడు కాబట్టి కూతురు యమునకు నౌకరీ రావాలి. అక్కడే చిక్కు పడింది. కంపెనీ లెక్కలో చనిపోయింది ఆగయ్య. యమున సర్టిఫికెట్లలో తండ్రి సదయ్య. ఇద్దరూ ఒకడేనని నేను సాక్ష్యం చెప్తానన్నాను. నోటిమాట చెల్లదు, రెండు పేర్లూ ఉన్న పాత కాగితం ఏదైనా నెలలోగా తెమ్మన్నారు. తేకపోతే నౌకరీ లేదు, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. డిగ్రీ చదివిన యమున బట్టల దుకాణంలో రోజంతా నిలబడి చీరలు మడతపెడుతోంది.

కాగితం కోసం సారవ్వ మొగుడి ట్రంకుపెట్టె అడుగుదాకా గాలించింది. తువ్వాలలో చుట్టిన ఉత్తరాల కట్ట దొరికితే, మధ్యాహ్నం పూట నా దగ్గరికి తెచ్చింది.

"యమునకు చూపియ్యలే అన్నా. ఏం కాగితాలో ఏమో, నువ్వే చదువు."

మొత్తం పదకొండు. మొదటిది చదవడం మొదలుపెట్టి ఆపేశాను. అవి ఎవరో ఆడమనిషి సదయ్యకు రాసిన ప్రేమలేఖలు. పరాయివాళ్ల ప్రేమ, మా భాషలో పావురం, చదవడం నాకు చేతకాని పని. పైగా పక్కన అతని పెళ్లాం కూర్చుని ఉంది. పది ఉత్తరాలకు కవర్లు లేవు. ఒక్కటి మాత్రం నీలం ఇన్‌లాండ్ లెటర్. దాని మీద ఆగయ్య పేరు, గని నంబరు, మంథని పోస్టాఫీసు ముద్ర. లోపల "సదయ్యకు" అని మొదలు. మాకు కావలసిన కాగితం అదే.

చదివి వినిపించాను. "నువ్వు మరిచిపోయిన తువ్వాల ఉతికితే నీళ్లు నల్లగ వచ్చినయి. మా అమ్మ అడిగితే పొయ్యికాడి మసిబట్ట అని చెప్పిన. అక్కడ అందరికి నువ్వు ఆగయ్యవే. సదయ్య నాకొక్కదానికే మిగిలిండు."

"ఎవరన్నా ఆమె?"

"పేరు పెట్టలే."

"ఎప్పుడు రాసింది?"

"ముద్ర మీది తేదీ చూస్తే, మీ పెండ్లికి నెల ముందు."

సారవ్వ ఆ ఉత్తరం మీద వేలు పెట్టింది. "మొగని పేరు నోటితోని అనొద్దని మా అమ్మ చెప్పింది. యమున నాయిన అన్న గాని, ఒక్కనాడు ఆ పేరు అనలే. గీమె కాగితం మీద రాసుకున్నది. ఇటియ్యి, పొయ్యిల ఏస్త."

"ఏస్తే యమున నౌకరీ ఏది? అంతేగాదు, రాసింది నువ్వే అని చెప్పాలె. ఇంకో ఆడామె అన్నవనుకో, రెండో పెండ్లాం ఉన్నదేమోనని ఫైలు పక్కన పెడ్తరు. గట్ల పడివున్న ఫైళ్లు నేను మస్తు చూసిన."

"నా మొగనికి పావురంగ ఇంకోతి చెప్పిన మాటలు, నా మాటలని చెప్పాల్నా?"

"చెప్పాలె."

"సచ్చి సుత నన్ను సతాయిస్తున్నడు, ఆయన మట్టి మీద మన్నువొయ్య!" అని ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. తిట్టి తిట్టి, "మళ్ల చదువు" అంది.

ఆ వారమంతా మధ్యాహ్నం వచ్చి కూర్చుని ఆ ఉత్తరం కంఠతా పట్టింది. సదయ్య పేరు వచ్చిన చోటల్లా "యమున నాయిన" అనే అనేది. నేను కోప్పడేవాణ్ని. కోప్పడటానికి నాకేం హక్కుందో నాకే తెలియదు. ఎందుకంటే నేనూ ఒక తప్పు చేస్తున్నాను. ఉత్తరం చివర ఇంకో నాలుగు మాటలున్నాయి. రాబోయే పెళ్లికూతురి గురించి, అంటే సారవ్వ గురించే. అవి ఆమె ముందు చదవడానికి నాకు నోరు రాలేదు. ఆఫీసరు తనకు కావలసిన వాక్యం దొరకగానే ఆపేస్తుందని ధీమాగా ఉన్నాను. నా జన్మలో అంత తెలివితక్కువ ధీమా ఇంకోటి లేదు.

ఆఫీసులో విచారణ చేసింది వేదిక మేడం. మంథని వాళ్ల అమ్మాయి, ముప్పై దాటి ఉండవు. ఉత్తరం తిప్పి తిప్పి చూసింది.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనే మేడం. నాకు రాసుడు రాదు. నేను చెప్తుంటే మా ఊరామె రాసింది. మాకు ముందే ఒప్పుకున్న సంబంధం."

"ఏం రాయించారో చెప్పగలరా?"

సారవ్వ తల వంచుకుని తువ్వాల గురించి చెప్పింది, నల్లటి నీళ్ల గురించి చెప్పింది. "అక్కడ అందరికి నువ్వు ఆగయ్యవే" అన్నాక కొంగు సర్దుకుంది. నేను గోడకేసి చూశాను. "సదయ్య," అంది చివరికి, "సదయ్య నాకొక్కదానికే మిగిలిండు." మొగుడి పేరు ఆమె నోట రావడం అదే మొదలు.

మేడం తలూపింది. కాని చదవడం ఆపలేదు, చివరిదాకా పైకే చదివింది. "వచ్చే పిల్లకు మన సంగతి ఏం తెల్వదు. నామీది దిగులు, రంది ఆమె మీద తియ్యకు. ఎంత కోపమొచ్చినా చెయ్యెత్తనని నామీద ఒట్టు తిన్నవు. మరువకు."

సారవ్వ నావైపు చూసింది. జీతాల రోజు మా లైనులో ఏ ఇంట్లోనూ కొట్లాట తప్పేది కాదు. సదయ్య క్వార్టర్ ఒక్కదాని నుంచి ఎప్పుడూ ఆడమనిషి ఏడుపు వినపడలేదు. సారవ్వ నోటికి భయపడ్డాడని మేం మొగవాళ్లం సదయ్యను ఎగతాళి చేసేవాళ్లం.

"వచ్చే పిల్ల ఎవరమ్మా?" అంది మేడం.

యమున నౌకరీ పోయిందనుకున్నాను.

"నేనే మేడం."

"రాయించిందీ మీరే, వచ్చే పిల్లా మీరేనా?"

"పెండ్లికి ముందు పిల్లకేం ఎరుకుంటది మేడం? నా గురించి నేనే చెప్పుకున్న. కొట్టొద్దని చెప్పుకున్న."

"మరి కొట్టాడా?"

"లేదు," అంది సారవ్వ. ఆ మాట కోసం ఏ ఉత్తరమూ కంఠతా పట్టనక్కర లేకపోయింది. "ఒక్కనాడు సుత కొట్టలే." అని అక్కడే ఏడ్చేసింది.

నమ్మిందో, జాలిపడిందో, మేడం రాసుకుంది. సారవ్వ చేత మూడుచోట్ల వేలిముద్ర వేయించుకుంది. సాక్షిగా నేను సంతకం చేశాను. యమున పేరు పైకి పంపుతామని చెప్పి, ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి దారం ముడి వేసింది.

సారవ్వ లేవలేదు. "ఆ కాగితం మళ్ల మాకియ్యరా మేడం?"

"అసలుది ఫైల్లోనే ఉండాలమ్మా."

"అయితే ఆ ఆఖరి ముక్క ఒక్కపాలి చదువుతరా?"

మేడం ఆశ్చర్యంగా చూసింది. "మీరు చెప్పి రాయించిందే కదమ్మా?"

సారవ్వ వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకుంది.

"అవు మేడం," అంది. "నాకు ఎరికే."