పసుపు రాసిన సర్వే రాయి

బతుకమ్మకు గునుగు పూల కాడలు విరుస్తుంటే చేతికి అంటుకునే పచ్చి వాసన నన్ను ఏటా సూరత్‌ నవాగామ్‌లో మా ఇళ్ల వెనకున్న మైదానానికి తీసుకుపోతుంది. ఒకప్పుడది మిలిటరీ క్యాంపు. తీగ కంచె దాటి మేకలు కూడా పోలేవు కనుక లోపల గునుగు విరగబూసేది. తొంభైల మొదట్లో క్యాంపు ఎత్తేశాక, మరమగ్గాల సాంచెల మీద బతికే మా తెలంగాణ ఇళ్ల ఆడవాళ్లకు సూరత్‌లో బతుకమ్మ ఆడుకోను మొదటిసారి జాగా దొరికింది. పాట ఎత్తుకునేది పక్కింటి రాజవ్వ పెద్దమ్మ. బడికి పోని నన్ను వాకిట్లో కూర్చోబెట్టుకుని, భజన పుస్తకం చూపి అక్షరాలు దిద్దించింది ఆమే. ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ తల్లి పెట్టిన భిక్షే.

ఒక ఏడు మైదానంలో ఇళ్లూ రోడ్డూ వస్తాయని సర్వే రాళ్లు పాతారు. ఆ సాయంత్రం ఒక రాయి చుట్టూ బతుకమ్మలను పెట్టాం. గడపకు రాసే అలవాటున పెద్దమ్మ ఆ రాయికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. తెల్లారి మట్టి పనికొచ్చిన కూలీలు చెప్పులు విడిచి దానికి దండం పెట్టారు. మాతాజీ వెలసిందట, గడ్డపార ముట్టబోమన్నారు.

మా వాళ్ల సంతోషం చూడాలి. ఇక రోడ్డు రాదు, ఆట ఆగదు. ఎదురింటి సత్తెమ్మత్త అయితే చిన్న గుడి కూడా కడదామంది. పెద్దమ్మ మాత్రం ఆ పసుపు తానే రాశానని చెప్పేస్తానంది.

"నువ్వు గమ్మునుంటే సాలు రాజక్కా, జాగ మనదే," అంది సత్తెమ్మత్త.

"అమ్మవారి పేరు జెప్పి జాగ గుంజుకొని, మల్ల ఆమె సుట్టే ఎట్ల తిరుగుతమే? నాకైతే కాళ్లాడయి."

నన్ను వెంటబెట్టుకుని సర్వే సాబ్ దగ్గరికి పోయింది. వచ్చిన హిందీలోనే, ఆ రాయి దేవత కాదని, పసుపు తన చేతిదేనని చెప్పి, కొంగుతో తుడిచేసింది. మరి మీకేం కావాలన్నాడాయన. ఆడుకోను జర జాగా విడవమంది. ఆయన కాగితాల్లో ఏదో రాసుకుని, కూలీలను పనికి పిలిచాడు.

చాలా రోజులు మా వాళ్లెవరూ ఆమెతో మాట్లాడలేదు. మైదానం చదును చేసేలోపు ఆమె ఒక్కతే ఎండిన గునుగు కంకులు దులిపి గింజలు మూటగట్టుకుంది. ఇళ్లు లేచాయి, వాటిలో ఒకటి సత్తెమ్మత్తకే దొరికింది. జాగా మాత్రం మిగల్లేదు. మరుసటి ఏడు కొత్త రోడ్డు మీదే ఆడాం. సత్తెమ్మత్త తానే వచ్చి, పాట నువ్వే ఎత్తుకోవాలని పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. ఆట అయ్యేదాకా రిక్షాలు ఆగాయి.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె దాచిన గింజల వంశం నా బాల్కనీ డబ్బాల్లో పూస్తోంది. కష్టమొస్తే దేవుడికి మొక్కుతాను. మనుషుల్ని అడగాల్సింది మాత్రం నా నోటితో, నా పేరుతోనే అడుగుతాను.