ఇంకోటిగారూ, చెవిలో నత్తా

మా మెడికల్ కాలేజీ కణజాల శాస్త్రం గదిలో పనిచేసే టెక్నీషియనుగారికి "చాలు" అనే మాట పలకడం రాదు. నత్తి ఏమీ లేదు. తక్కిన మాటలన్నీ గడగడా వచ్చేవి. ఆ ఒక్క మాట దగ్గరే నాలుక మొరాయించేది. దాని బదులు "ఇంకోటి" అనేవారు. కాఫీ తాగినా ఇంకోటి, కబురు చెప్పినా ఇంకోటి. ఆఖరికి తుమ్మినా ఒక్క తుమ్ముతో సరిపెట్టుకున్న మనిషి కాదు. అందుకని మేమంతా ఆయన్ని ఇంకోటిగారు అనేవాళ్ళం. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా "మాస్టారూ" అనేవాళ్ళం, ఆయన మాస్టారు కాకపోయినా.

మనిషి ఒంట్లోని చిన్న ముక్కని మైనంలో పోతపోసి, కోత యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ మిల్లీమీటరులో రెండు వందల్లో ఒక వంతు మందాన పొరలు కోయడం ఆయన పని. ఆ పొరలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రిబ్బనులా వస్తాయి. ఆ రిబ్బన్ను గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజుపలక మీదికెక్కించి, నీలమూ గులాబీ రంగూ పట్టిస్తే అప్పుడు మైక్రోస్కోపు కింద కణాలు కళ్ళు తెరుస్తాయి. దానికి ఒక పొర చాలు. ఇంకోటిగారు నలభై కోసేవారు.

ఆయన కోస్తున్నప్పుడు గదిలో ఫ్యాను తిరగకూడదు, తలుపు తెరవకూడదు, ఎవరూ నిట్టూర్చకూడదు. ఒకరోజు మా శాఖాధిపతి, ఆయన మీసాలకి మేమందరం భయపడేవాళ్ళం, తలుపు ధడాలున తోసుకుని లోపలికొచ్చారు. రిబ్బను గాల్లోకి లేచింది. గదంతా ఒక చుట్టు తిరిగి, పోయి పోయి ఆయన ఎడమ మీసం మీద వాలింది.

"కదలకండి సార్!" అన్నారు ఇంకోటిగారు బ్రష్షు పట్టుకుని పరుగున వచ్చి. "మీ మీసం మీద మూత్రపిండం ఉంది."

"ఎన్ని కోస్తారండీ?" అన్నారు శాఖాధిపతి పెదవులు కదపకుండా. "ఒకటి చాలదూ?"

"ఇదిగో, ఈ ఒక్కటీ తీసేస్తాను సార్. ఆ చెంపన ఇంకోటి ఉంది."

ఇంట్లోనూ అదే తంతు. వాళ్ళావిణ్ణి మేం అక్కయ్యగారు అనేవాళ్ళం. ఒకసారి వాళ్ళింటికి వెళితే ఆవిడ వంటింట్లో కత్తులన్నీ బియ్యం డబ్బాలో దాస్తూ కనిపించింది. "మీ మాస్టారి చేతికి కత్తి దొరికిందంటే రాత్రి భోజనం రేపు పొద్దున్నే తినాలమ్మా. నిన్న టమాటా ఇచ్చాను. గంటసేపు కోశారు. ఆ ముక్కలోంచి గడియారం ముల్లు కనిపిస్తోంది. కూరలో వేస్తే ఏవీ, ముక్కలేవీ? వాసన ఒక్కటే మిగిలింది."

"రుచి వచ్చింది కదటే," అన్నారు ఇంకోటిగారు పేపరు వెనకనుంచి.

"రుచి వచ్చింది. టమాటా రాలేదు."

ఆయన నెత్తిన వెంట్రుకలు పలచబడటానికీ ఈ గదే కారణం. మైక్రోస్కోపులో ఎక్కడ చూడాలో చూపించడానికి కంటి కటకం లోపల ఒక సన్నటి సూచిక ఉంటుంది. మా గదిలో పాతిక మైక్రోస్కోపులకీ ఆయన తల వెంట్రుకే సూచిక. ఏటా కొత్తవి అంటించేవారు. ఎవరైనా "ఇది వంకరగా ఉంది మాస్టారూ" అంటే చాలు, చెయ్యి నెత్తి మీదికి పోయేది. "ఉండు, ఇంకోటి పెడతాను." మా బ్యాచి చదువు పూర్తయ్యేసరికి ఆయన ముందుతల నున్నబడింది. ఆ పాపంలో నా వాటా ఎక్కువే.

ఎందుకంటే నాకు అందరిలా చూడటం వచ్చేది కాదు. మొదటి నెలలో ఒక గుండ్రటి వస్తువు కనిపిస్తే, నల్లటి అంచుతో సహా శ్రద్ధగా బొమ్మ గీసి "కొత్తరకం కణం" అని పేరు పెట్టాను. ఇంకోటిగారు బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"అద్భుతంగా వేశావు తల్లీ. ఇది గాలి బుడగ. ఇంకోటి చూడు."

ఇంకోటి చూశాను. ఈసారి పొడుగ్గా, నల్లగా, ఎక్కడికక్కడ ప్రత్యక్షమవుతోంది. ఏ స్లైడు పెట్టినా ఉంది. నరం దొరికిందని మురిసిపోయి మూడు పేజీలు గీశాను.

"నరం కాదమ్మాయ్," అన్నారాయన తల నిమురుకుంటూ. "అది నేను."

నవ్వినవాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఉడికించిన గుడ్డు తీసి నా ముందు పెట్టారు. కొసన సన్నగా కోసి చూపించారు. "ఏం కనిపిస్తోంది?"

"తెల్లసొన."

"అంతేనా? పచ్చసొన లేదా?"

"లేదు."

"అయితే రాసేయ్, గుడ్డులో పచ్చసొన ఉండదని." ఇంకో ముక్క కోశారు. చిన్న పచ్చటి చుక్క. ఇంకోటి కోశారు. పెద్ద పచ్చటి బిళ్ళ. "ఇప్పుడు ఏమంటావు? ఒకే గుడ్డు, మూడు ముక్కలు, మూడు రకాల అబద్ధాలు. ఒక్క కోత చూసి దేని గురించీ తీర్పు చెప్పకూడదు తల్లీ. అందుకే ఇంకోటి." ఆ తర్వాత గుడ్డు ఆయనే తినేశారు. నాకు పెట్టడానికి మాత్రం ఇంకోటి తెచ్చుకోలేదట.

నా చదువు సంగతి ఇక్కడ చెప్పాలి. అంతకుముందు ఏడాది కామెర్లు వచ్చి పరీక్షలు పోగొట్టుకున్నాను. మా నాన్న ఒక్కటే మాట అన్నాడు: "ఈ ఏడు కూడా పోతే ఇక చాలు. పుస్తకాలు కట్టిపెట్టేయ్." మా ఇంట్లో "చాలు" అనడం అందరికీ వచ్చు.

మా శాఖకి ఒక నిధి ఉండేది. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగానికి సరిగ్గా నడిమధ్యన కోసిన స్లైడు. చెవి ఎముక మనిషి ఒంట్లోకెల్లా గట్టిది. వారాల తరబడి ఆమ్లంలో నానబెట్టి మెత్తబరచాలి. తర్వాత కోత కోణం వెంట్రుకవాసి తప్పినా నత్త కనిపించదు. శాఖని స్థాపించిన పెద్ద ప్రొఫెసరుగారు, అప్పటికి కుర్రవాడైన ఇంకోటిగారు కలిసి దాన్ని చేశారు. పక్కన మట్టిరంగు సిరాతో పెద్దాయన స్వదస్తూరీ ఉన్న లేబులు. మఖమలు పెట్టెలో ఉండేది. ఏటా పరీక్షకి ముందురోజు ఒక్కసారి చూపించేవారు.

"పాతికేళ్ళుగా దీని మీద ఒక్క గీత పడలేదు," అన్నారు శాఖాధిపతి మీసం దువ్వుకుంటూ. "ఎవరి చేతిలో పగులుతుందో వాళ్ళు ఈ ఏడు పరీక్షలో కూర్చోరు. నాలుగింటికి వచ్చి నేనే లోపల పెట్టి తాళం వేస్తాను."

వరసలో నేను ఆఖరిదాన్ని. అందరూ చూసి వెళ్ళిపోయారు. నత్త కనిపించింది. ఎంత ముద్దుగా ఉందో! ఇంకాస్త దగ్గరగా చూడాలనిపించి అన్నిటికన్నా పెద్ద లెన్సు తిప్పాను. మసకగా ఉంది. సన్న మర తిప్పాల్సింది పోయి, కళ్ళు అందులోనే పెట్టి, పెద్ద మర తిప్పేశాను. లెన్సు సరాసరి గాజు మీదికి దిగిపోయింది.

కటుక్కుమంది.

ఆ చప్పుడు విన్నవాళ్ళకే తెలుస్తుంది. నత్త నడిమధ్యనుంచి మెరుపులా ఒక పగులు. గోడ గడియారం మూడూ ముప్పావు చూపిస్తోంది. ఇంకోటిగారు వచ్చి చూశారు. నావైపు చూశారు. తిట్టలేదు.

"ఏడుస్తావా?"

"ఆఁ," అన్నాను.

"ఏడువు. కాని అటు తిరిగి ఏడువు, లేబులు మీద పడితే సిరా కరుగుతుంది."

ఆయన కాఫీ కెటిల్ స్విచ్ వేశారు. ఇలాంటప్పుడు కాఫీ ఏమిటనుకున్నాను. ఆవిరి రాగానే పగిలిన స్లైడుని దాని మీద పట్టి, బ్లేడుతో లేబుల్ని పువ్వులా ఊడదీశారు. ఆ తర్వాత "పాత గుండీలు" అని రాసి ఉన్న సొరుగు లాగి ఒక రేకు డబ్బా తెరిచారు. లోపల ఏముందో నాకు కనపడకుండా మూత అడ్డం పెట్టి ఒక స్లైడు తీశారు. అదే నత్త. అవే రంగులు.

"ఇదెక్కడిది మాస్టారూ?"

"పెద్దాయన 'చాలయ్యా' అన్నాక కోసింది." లేబులుకి జిగురు రాసి అంటించి, నోటితో ఊదారు. "ఇదే ఆఖరిది. జాగ్రత్త. ఎవరితోనూ అనకు."

జిగురు ఆరకముందే శాఖాధిపతి వచ్చేశారు. మైక్రోస్కోపు మీదికి వంగి చాలాసేపు లేవలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆహా! చూశావా అమ్మాయ్, పాతికేళ్ళయినా రంగు చెక్కు చెదరలేదు. అదీ ఆ తరం చేతిపని. ఇప్పుడు చేయగలరా ఎవరైనా? ఏమండీ?"

"అబ్బే, ఎక్కడ సార్," అన్నారు ఇంకోటిగారు వినయంగా.

శాఖాధిపతి స్లైడు చేతిలోకి తీసుకున్నారు. "లేబులు కొంచెం వాలినట్టుందే?"

"పెద్దాయన చూపు అప్పటికే కొంచెం వాలింది సార్."

"జిగురు వాసన..."

"అమ్మాయి తలనూనె సార్."

శాఖాధిపతి నావైపు జాలిగా చూసి, పెట్టె మూసి తాళం వేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు పరీక్ష రాశాను. పాసయ్యాను. కొన్నేళ్ళకి అదే శాఖలో మాస్టరమ్మనయ్యాను. అప్పటినుంచి ఆ స్లైడు దగ్గరికి ఏ విద్యార్థి వెళ్ళినా ఊపిరి బిగబట్టి వెనకాలే నిలబడేదాన్ని. మరి అదే ఆఖరిది కదా! ఆ రహస్యం తెలిసింది లోకంలో మా ఇద్దరికే కదా!

ఎనిమిదేళ్ళకి ఇంకోటిగారు రిటైరయ్యారు. వీడ్కోలు సభకి హాలు నిండిపోయింది. ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయిన డాక్టర్లు కూడా వచ్చారు. శాఖాధిపతి మైకు ముందుకొచ్చారు. నెరిసిన మీసం ఒకసారి దువ్వుకున్నారు.

"ఈ రోజు ఒక నిజం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన నత్త స్లైడు ఎన్నడూ పగలలేదని ఏటా చెబుతూ వచ్చాను. అబద్ధం. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు పగలగొట్టాను. ఈయన నా చదువు కాపాడి, ఆఖరుగా మిగిలిన ఇంకో స్లైడు దాని స్థానంలో పెట్టారు. మళ్ళీ పగిలితే ఇక లేదన్నారు. అందుకే మీ అందరి మీదా మీసాలు దువ్వుతూ దానికి కాపలా కాశాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ మా ఇద్దరికే తెలుసు."

నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. మూడో వరసలో కళ్ళ డాక్టరు ఒకాయన దగ్గడం మొదలుపెట్టారు. కిటికీ దగ్గర మా సీనియరు చెప్పుల వంక తదేకంగా చూస్తోంది. వెనక వరసలో ఇద్దరు ఒకరినొకరు చూసుకుని, "నువ్వు కూడానా?" అని కళ్ళతోనే అడుగుతున్నారు. దగ్గు అంటువ్యాధిలా పాకింది. లెక్కపెట్టాను. నాతో కలిపి ఎనిమిది మంది. వేదిక మీద ఇంకోటిగారు మాత్రం దండలోని పూరేకు ఒకటి తుంచి, వెలుతురుకి అడ్డం పెట్టి, దాని మందం చూసుకుంటున్నారు.

సభ అయ్యాక ఆయన్ని గదిలో పట్టుకున్నాను. "ఏం మాస్టారూ, అందరికీ ఇదే ఆఖరిదని చెప్పారా?"

"చెప్పకపోతే జాగ్రత్త ఎలా వస్తుంది తల్లీ? పగలగొట్టినవాళ్ళ కన్నా బాగా కాపలా కాసేవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు?"

ఆ రోజే చూశాను ఆ సొరుగులన్నీ. చెవి ఒక్కటే కాదు. మూత్రపిండం, నాలుక, కంటిపొర, అన్నిటికీ నలభై. మేం వృథా అనుకుని నవ్వుకున్న పొరలన్నీ, ఎవరో ఒక కంగారు పిల్ల రేపెప్పుడో పగలగొడుతుందని ముందే కోసిపెట్టినవి. రేకు డబ్బా నా చేతిలో పెట్టి గంభీరంగా అన్నారు: "లోపల ఒక్కటే ఉంది. ఇదే ఆఖరిది. జాగ్రత్త."

డబ్బా రెండు చేతులా పట్టుకున్నాను. ఒక్క స్లైడుకి అంత బరువు రాదు.

మొన్న పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం నా గదిలో కూర్చున్నాను. తరగతి గదిలోంచి కటుక్కుమంది.

లేచి వెళ్ళి కెటిల్ స్విచ్ వేశాను.