గుండంలో నేను చల్లింది

పదహారేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దించుకుందామంటే మనిషి దొరకలేదు. ఛ, అది కూడా అబద్ధమే. మనుషులు దొరికారు, నాకే నోరు పెగల్లేదు. మా ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. అలాంటి ఊళ్ళో పుట్టి ఈ ఒక్క సంగతీ మా ఆవిడకి కూడా చెప్పకుండా దాచుకొచ్చాను. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. నా పేరు అడక్కండి. ఊరు గన్నవరం అక్విడెక్టుకి దగ్గర్లో, కాలవ గట్టున ఉంది, అంతవరకు చాలు. ఇక్కడివాళ్ళు చదివితే రెండో పేరాకే నేనెవరో పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి.

మా అమ్మవారి తీర్థంలో నిప్పుల గుండం వేసేది మా ఇంటివాళ్ళే. తాత వేశాడు, నాన్న వేశాడు, నాన్న పోయాక నేను వేస్తున్నాను. పొడుగ్గా గొయ్యి తీసి, చింత దుంగలు పేర్చి తెల్లవారుజామున అంటిస్తే ఎండెక్కే వేళకి నిప్పులవుతాయి. వాటిని చదును చేసి, చేటలతో పై బూడిద విసిరి, సాంబ్రాణి చల్లుతాం. అప్పుడు కాలవలో మునిగి, పసుపు బట్టలతో వచ్చినవాళ్ళు గుండం తొక్కుతారు. ఎవరి కాళ్ళూ బొబ్బలెక్కవు. అమ్మ మహిమ అనేవారు. నేనూ అనేవాణ్ణి. నా అంత గట్టిగా అన్నవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు.

మా హైస్కూలుకి రాజోలు వైపు నుంచి ఒక సైన్సు మాస్టారు బదిలీ మీద వచ్చారు. దేవుడు లేడనే మనిషి. తనలో తాను అనుకుని ఊరుకునే రకం కాదు. సంతరోజున బజార్లో బల్ల వేసి, వెలుగుతున్న కర్పూరం నాలుక మీద పెట్టుకుని, ఇందులో మహిమేముందండీ అని అందరినీ అడిగేవారు. ఎవరు ఎంత మొరటుగా మాట్లాడినా నవ్వుతూ అండీ అండీ అంటూనే జవాబు చెప్పేవారు. మాకు ఒళ్ళు మండేది అక్కడే. తిట్టేవాణ్ణి తిరిగి తిట్టొచ్చు, నవ్వేవాణ్ణి ఏం చేస్తాం?

ఆ ఏడు తీర్థం ముందు గుడి కమిటీవాళ్ళు ఆయన్ని చర్చకి పిలిచారు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి మైకు పెట్టారు. ఒకపక్క పూజారిగారు, కమిటీ పెద్దలు. ఇంకోపక్క మాస్టారు ఒక్కరే. నిప్పులు తొక్కడానికి భక్తి అక్కర్లేదు, బూడిద పట్టిన కట్టె నిప్పు మీద ఆగకుండా నడిస్తే ఎవరి కాళ్ళూ కాలవు అని ఆయన చెబుతున్నారు. ఉండబట్టలేక లేచి మైకు లాక్కున్నాను. మా నాన్న నలభై ఏళ్ళు ఈ గుండం వేశాడు, అమ్మ చల్లగా చూసింది, మధ్యలో నువ్వెవడివయ్యా అన్నాను. జనం ఈలలు వేశారు.

 మాస్టారు మెల్లిగా అన్నారు, మీ నాన్నగారికి గుండెనొప్పి వచ్చిన రోజున రెండు గంటలు గుడిలో కూర్చోబెట్టి పసుపునీళ్ళు పట్టేరు కదండీ, అప్పుడే కారెక్కించి అమలాపురం తీసుకెళ్ళుంటే బతికేవారేమోనండి, అని.

ఈలలు ఆగిపోయాయి. గుడిలో కూర్చోబెట్టింది నేను. కారు వద్దన్నది నేను. అంతమందిలో మా నాన్న చావుని మైకులో చెప్పాడాయన! అబద్ధం చెప్పి ఉంటే చొక్కా పట్టుకుని రెండు తగిలించి ఇంటికి పోయేవాణ్ణి. చెప్పింది నిజం. నిజం చెప్పినవాణ్ణి ఏం చెయ్యాలి? ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆయన మీద కోపం పొంగుకొస్తోంది, చూడండి నా సిగ్గులేనితనం. చెడ్డపని చేసింది నేనూ, కోపం కూడా నాకేనా?

చర్చ అక్కడితో తెగలేదు. పంతాల దాకా వెళ్ళింది. తీర్థం నాడు భక్తులందరూ తొక్కాక తాను స్నానం, ఉపవాసం ఏమీ లేకుండా గుండం మీద నడుస్తానన్నారు మాస్టారు. కాలకపోతే కమిటీవాళ్ళు మహిమ అనడం మానెయ్యాలి. కాలితే ఆయన బజార్లో బల్ల వేయడం మానెయ్యాలి. ఇద్దరూ సరేనన్నారు.

ఆ పొద్దున నేను విడిగా ఇంకో సాంబ్రాణి పళ్ళెం సిద్ధం చేసి, అందులో దంచిన బెల్లం కలిపాను. అరకిలో ఉంటుంది. అరిసెలు వండే ఇంట్లో ఎవరినైనా అడగండి, ఉడుకుతున్న పాకం చేతిమీద పడితే ఎలా ఉంటుందో. దులిపితే పోదు, తోలు పట్టుకుని కూర్చుంటుంది. భక్తులు తొక్కి వెళ్ళిపోయాక నిప్పులు మళ్ళీ చదును చేశాను. బూడిద విసిరాను. అమ్మా, నీ పరువు నిలుపుకో తల్లీ అని మొక్కి, పళ్ళెం పళ్ళెమంతా గుండం నడుమ చల్లేశాను. మాడు వాసన వచ్చింది. పక్కన గాడిపొయ్యి మీద పరవాన్నం ఉడుకుతోంది, అందరూ అదనుకున్నారు.

ఇక్కడ ఒక్కమాట అడుగుతాను, మీరే చెప్పండి. తల్లి చూసుకుంటుందని నిజంగా నమ్మినవాడు బెల్లం ఎందుకు చల్లుతాడు? అంటే ఆ పళ్ళెం ఎత్తేటప్పటికే నాకు నమ్మకం లేదన్నమాట, ఆ సంగతి నాకు తెలియకుండానే మొక్కుతున్నానన్నమాట. ఊళ్ళో నాస్తికుడు ఒక్కడే అనుకున్నారు జనం. గుండానికి ఈ గట్టున ఒకడు, ఆ గట్టున ఒకడు, ఇద్దరం ఉన్నాం. ఆయన పైకి చెప్పాడు, నేను చెప్పలేదు.

మాస్టారు ప్యాంటు మడుచుకుని దిగారు. పరిగెత్తలేదు, మామూలుగా నడిచారు. మూడో అడుగుకి ముఖం మారింది. అయినా పక్కకి దూకలేదు. పంతం మనిషి, చివరిదాకా నడిచి అవతల గట్టు మీద కూలబడ్డారు. ఆయన కేక వెయ్యలేదు, ఊరు వేసింది. డప్పులు మోగాయి. ఎవరికో పూనకం వచ్చింది. తల్లి చూపించేసిందిరా అంటూ కమిటీ ప్రెసిడెంటుగారు వచ్చి నన్ను కౌగలించుకున్నారు. నన్ను! తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మూడోరోజు అమలాపురం ఆస్పత్రికి వెళ్ళాను. జాలిపడి వెళ్ళాననుకునేరు. ఆయనకి నా మీద అనుమానం ఉందేమో కనిపెట్టడానికి వెళ్ళాను. రెండు కాళ్ళకీ కట్లు. నన్ను చూసి లేచి కూర్చోబోయారు.

"రండి, రండి. ఆ రోజు మీ నాన్నగారి మాట నేను మైకులో ఎత్తకూడదండి. తప్పు చేసేను. ఏమనుకోకండేం."

మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఒక్కటి అడుగుతానండి. గుండంలో ఎప్పుడూ వేసేవి కాకుండా ఇంకేవైనా వేసేరా?"

"లేదండీ. మామూలువేనండి. చింత దుంగలు, సాంబ్రాణి."

"ఒట్టు వెయ్యమననండి. ఒట్ల మీద నాకు నమ్మకం లేదు. మీ నోటితో చెప్పండి చాలు. వెయ్యలేదు కదా?"

"ఆయ్. వెయ్యలేదండి."

"అయితే కారణం ఇంకేదో ఉందండి. నాకు తట్టట్లేదు. లేచి తిరిగేక కనిపెడతాను."

దేవుణ్ణి నమ్మని మనిషి నా మాట నమ్మాడు. అంతకంటే ఆయన నన్ను పట్టుకుని తన్నినా బాగుండేది. బయటికొచ్చి బస్టాండులో టీ తాగాను. టీ బాగానే దిగింది గొంతులోకి, ఏం గొంతో అది.

తొడ మీది తోలు తీసి అరికాళ్ళకి వేశారు. ఎడమకాలు కుంటిదైంది. మళ్ళీ బజార్లో బల్ల వెయ్యలేదాయన. మాట అంటే మాటే. గుడి మాత్రం పెరిగింది. సిమెంటు ఆర్చీ వచ్చింది, మండపం వచ్చింది. నాస్తికుడి కాళ్ళు కాల్చిన తల్లి అని ఏటా మైకులో చెబుతారు. యూట్యూబు వాళ్ళొచ్చి నన్నడిగితే, కళ్ళారా చూశానండీ అని చెప్పాను. నాకు శాలువా కప్పారు. పళ్ళు కొరుక్కుంటూ కప్పించుకున్నాను. నాకు చేతులు లేవా, తీసి అవతల పారెయ్యలేనా? పారెయ్యలేదు.

ఇదంతా ఇలాగే దాచుకుని చచ్చిపోయేవాణ్ణేమో. ఈ ఏడు తీర్థానికి మాస్టారు వచ్చారు. రిటైరయ్యాక కూడా ఇక్కడే అద్దె ఇంట్లో ఉంటున్నారు. చూడ్డానికి వచ్చారేమో అనుకున్నాను. పసుపు పంచె కట్టుకుని, కాలవలో మునిగి, నీళ్ళోడుతూ కర్ర పోటుతో నా దగ్గరికే నడిచి వచ్చారు.

"పదహారేళ్ళు వెతికేనండి," అన్నారు. "పెరట్లో చిన్న గుండాలు ఎన్ని వేసేనో. కట్టె మార్చి చూసేను, తడికాళ్ళతో, పొడికాళ్ళతో చూసేను. ఒక్కసారీ కాలలేదండి. మీరా, అబద్ధమాడే మనిషి కాదు. కారణాలన్నీ కొట్టేసుకుంటూ వస్తే ఇక అమ్మవారొక్కరే మిగిలేరండి. దొరికినదాన్ని ఒప్పుకోకపోతే నేనేం సైన్సు మాస్టార్నండీ?"

నా చేతిలో నిప్పులు సర్దే వెదురు గెడ ఉంది. చెప్పరా వెధవా, ఇప్పుడైనా చెప్పు అనుకున్నాను. నాలుగడుగుల దూరంలో ప్రెసిడెంటుగారు ఉన్నారు. ఆయన పక్కన మైకు ఉంది. నా నోట్లోంచి వచ్చిందేమిటో తెలుసా? ఆయ్ అని వచ్చింది. అంతే. మాస్టారు కర్ర పక్కన పెట్టి, కష్టపడి వంగి, గుండం ఒడ్డున నేను పోగేసిన బూడిదకి నుదురు ఆనించారు. నాస్తికుడు దారికొచ్చేడని మైకు అరిచింది. జనం జేజేలు కొట్టారు. ఆ మైకుని పగలగొట్టాలనిపించింది. వాళ్ళందరినీ తన్నాలనిపించింది. వాళ్ళు చేసిన తప్పేమిటి? వాళ్ళకి తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, గెడ పట్టుకుని నిలబడ్డాను.

కాళ్ళు కాల్చినందుకు ఆస్పత్రి ఉంది, మందు ఉంది. ఆ మనిషి బుర్ర మంచిది. దానికి నేను అబద్ధం తినిపించాను, అది నిజాయితీగా అరిగించుకుని అక్కడికి తెచ్చిపెట్టింది ఆయన్ని. దీనికేం మందు వేస్తారు? ఆయనకి అమ్మవారి మీద భక్తి కుదిరి ప్రశాంతంగా ఉన్నారేమో, ఇప్పుడు చెప్పి చెడగొట్టడం ఎందుకని కూడా నాకు నేను చెప్పుకున్నాను. పిరికివాడికి సాకులకి కొదవా!

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి కాలింది మీ కాళ్ళు కాదు. ఇంతవరకు రాశాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది, ఉన్నమాట చెబుతున్నాను. ఈ కాగితం ఆయన చేతికిచ్చే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. వస్తే ఆయన చదవాల్సింది ఈ నాలుగు ముక్కలే.

మాస్టారూ, పెరట్లో మీరు వేసిన గుండాల్లో ఏ లోపమూ లేదండి. మీరు మొక్కక్కర్లేదండి. కారణం నేనండి.